ఆ పరికిణీ ఎవరు కొన్నారు? టీనేజ్ నవలల్లో బట్టలు, ఇల్లు, మనిషి

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ముందుగా చెబుతాను. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల పాఠకుల కోసం నవల రాస్తున్నారు. కథానాయికకు పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. మొదటి అధ్యాయంలో పెద్దమ్మ కూతురి పెళ్లికి తయారవుతూ అద్దం ముందు నిలబడుతుంది. గులాబీ రంగు పట్టు పరికిణీ, ఆకుపచ్చ ఓణీ, జడగంటలు, చేతినిండా గాజులు అన్నీ వర్ణించారు. తర్వాత అమ్మ, నాన్న, బామ్మ, తమ్ముడు ఒక్కొక్కరినీ రెండేసి వాక్యాల్లో పరిచయం చేశారు. చదివినవాళ్లు "బాగుంది కానీ అమ్మాయి ఎలాంటిదో తెలియలేదు" అన్నారు. బట్టలతో స్వభావం చెప్పడం ఎలా, కుటుంబ జీవితంతో చెప్పడం ఎలా అని రెండు ప్రశ్నలు అడిగారు.

ఈ రెండూ ఒకే ప్రశ్న అని నా నమ్మకం. పదహారేళ్ల వయసులో మనిషి ఒంటి మీద ఉన్న గుడ్డ పూర్తిగా తనది కాదు. డబ్బు నాన్నది, రంగు ఎంచింది అమ్మ, "చున్నీ ఏదీ" అని అడిగేది బామ్మ, అది తనకు పొట్టి అయ్యే రోజు కోసం ఎదురుచూసేది చెల్లెలు. పెద్దల నవలలో బట్ట ఆ మనిషి అభిరుచిని చెబితే సరిపోవచ్చు. టీనేజ్ నవలలో అది ఇంట్లో జరిగిన ఒక బేరం. మీ వర్ణనలో రంగులన్నీ ఉన్నాయి, బేరం లేదు. ఆ పరికిణీ ఎవరు కొన్నారో, కొనడానికి ఏది మానుకున్నారో, ఎవరు వద్దన్నారో ఆ పేజీలో ఎక్కడా లేదు. అందుకే అమ్మాయి కనబడింది గాని తెలియలేదు.

ఈ పని ఎంత నేర్పుగా చేయవచ్చో చూడాలంటే లూయిసా మే ఆల్కాట్ 1868లో ప్రచురించిన 'లిటిల్ వుమెన్' తెరవండి. మొదటి మూడు అధ్యాయాలు చాలు. అమెరికా అంతర్యుద్ధ కాలం. తండ్రి సైన్యంలో మతబోధకుడిగా వెళ్లాడు. ఒకప్పుడు బాగా బతికిన ఇల్లు ఇప్పుడు పొదుపుగా గడుస్తోంది. క్రిస్మస్‌కు కానుకలు లేవని నలుగురు అక్కచెల్లెళ్లు గొణుక్కుంటారు. తలా ఒక డాలరు ఉంది, ఎవరికి కావలసింది వారు కొనుక్కుందామనుకుంటారు. అంతలో అమ్మ వచ్చే వేళవుతుంది. మూడో అమ్మాయి బెత్ అమ్మ ఇంట్లో వేసుకునే చెప్పులు తెచ్చి, వెచ్చబడాలని మంట దగ్గర పెడుతుంది. అవి బాగా అరిగిపోయి ఉంటాయి. ఆ చెప్పులు కళ్లబడగానే నలుగురి ధోరణీ మారిపోతుంది. నేను కొంటానంటే నేను కొంటానని పోటీ పడతారు. నాన్న లేనప్పుడు ఇంటికి మగదిక్కును నేనే, చెప్పులు నేనే కొంటాను అంటుంది రెండోదైన జో.

అమ్మ ఇంకా గుమ్మం దాటి లోపలికి రాలేదు. అయినా ఆమె తనకోసం ఏమీ కొనుక్కోదని, ఆ ఇంట్లో పిల్లలకు అది తెలిసినా ఇన్నాళ్లూ సరిగా చూడలేదని మనకు తెలిసిపోయింది. మాటల్లేకుండా చెప్పులు వెచ్చబెట్టే పిల్ల ఎవరో, అధికారంగా ముందుకొచ్చే పిల్ల ఎవరో కూడా తెలిసింది. ఒక్క జత పాత చెప్పులతో ఐదుగురు పరిచయమయ్యారు. మీ రెండో పేజీలో నలుగురి పరిచయానికి మీరు ఎనిమిది వాక్యాలు వాడారు. ఆ ఎనిమిదీ తీసేసి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క వస్తువు దగ్గరకు నలుగురినీ తీసుకురండి. ఎవరు దాన్ని ఎలా చూస్తారో అదే వారి పరిచయం.

మూడో అధ్యాయం ఇంకా గొప్పది. జో, ఆమె అక్క మెగ్ ఒక విందుకు వెళ్లాలి. జో గౌను వెనుక భాగం కాలి ఉంది, ఎందుకంటే చలిమంటకు వీపు పెట్టి నిలబడటం ఆమె అలవాటు. చేతితొడుగులు నిమ్మరసం పడి పాడయ్యాయి. మెగ్‌కు మర్యాద ముఖ్యం, తొడుగులు లేకుండా చెల్లెలు రావడానికి వీల్లేదు. అందుకని ఇద్దరూ తలా ఒక మంచి తొడుగు వేసుకుని, పాడైనది చేతిలో పట్టుకుని వెళతారు. కాలిన భాగం ఎవరికీ కనబడకుండా గోడకు ఆనుకుని నిలబడమని మెగ్ ఆదేశం. ఎంతసేపని నిలబడుతుంది? ఎవరో నాట్యానికి పిలవబోతున్నారని భయపడి జో తెర చాటుకు తప్పుకుంటుంది. అక్కడ అప్పటికే దాక్కుని ఉన్న పొరుగింటి కుర్రాడు లారీ కనబడతాడు. నవల మొత్తంలో ముఖ్యమైన స్నేహం అక్కడ మొదలవుతుంది.

ఇందులో ప్రతిదీ స్వభావం నుంచే పుట్టింది. నిర్లక్ష్యం వల్ల గౌను కాలింది, గౌను కాలినందుకు గోడ, గోడ వల్ల తెర, తెర వెనుక స్నేహితుడు. అటు మెగ్, బిగుతుగా ఉన్న ఎత్తుమడమల బూట్లు అందం కోసం వేసుకుని కాలు మడత పెట్టుకుంటుంది. బట్టను రచయిత్రి అలంకారంగా ఉంచలేదు, కథ నడిపించింది. జో కళ్ల రంగు, గౌను అంచు మీకు గుర్తుండకపోవచ్చు. గోడకు వీపు ఆనించి నిలబడిన పిల్ల మాత్రం గుర్తుంటుంది.

దీనినుంచి నేను నేర్చుకున్నది, రచనలు పంపేవారికి పదేపదే చెప్పేది ఒకటుంది. మామూలు రోజున ఎవరూ తమ బట్టల గురించి తాము ఆలోచించరు. ఎక్కడో ఏదో సరిపోనప్పుడే ఆలోచిస్తారు. పొట్టి అయినప్పుడు, చిరిగినప్పుడు, అరువు తెచ్చుకున్నప్పుడు, అందరూ ఒకలా వచ్చి తాను మాత్రం వేరేలా వచ్చినప్పుడు. ఉత్తమ పురుషలో రాసే నవలకు ఇది మరీ ముఖ్యం. "నేను గులాబీ రంగు పరికిణీ కట్టుకున్నాను, అది నాకు బాగా నప్పింది" అని ఏ పదహారేళ్ల అమ్మాయీ తనకు తాను చెప్పుకోదు. ఆ వాక్యం పాఠకుల కోసం రచయిత చెప్పించినది, పాఠకులు వెంటనే పసిగడతారు.

మీ సన్నివేశాన్నే తీసుకుని ఒక నమూనా రాస్తాను. ఇలాగే ఉండాలని కాదు, దారి చూపడానికి.

"పెళ్లికి కొత్తది వద్దని నేనే అన్నాను. అక్కది ఉందిగా అన్నాను. అమ్మ నా వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా పెట్టెలోంచి అక్క పరికిణీ తీసి, కింద లోపలికి కుట్టిన మడత విప్పడం మొదలుపెట్టింది. విప్పిన చోట గులాబీ రంగు కొత్తగా, ముదురుగా ఉంది. పైనంతా వెలిసిపోయిందని అప్పుడే తెలిసింది. 'ఈ చార కనబడుతుందే' అంది అమ్మ. 'ఎవరు చూస్తారమ్మా' అన్నాను. పెళ్లిలో ఫొటోకు రమ్మని పిలిచిన ప్రతిసారీ చిన్నపిల్లల వెనక్కి వెళ్లి నిలబడ్డాను."

మీ గులాబీ రంగు అలాగే ఉంది. ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉందని ఎవరూ చెప్పలేదు. కాలేజీ ఫీజు కట్టిన నెలలో కొత్త బట్టలు అడగకూడదని ఆ పిల్లకు తెలుసు, తెలుసని అమ్మకూ తెలుసు. ఆ పిల్ల త్యాగమూర్తి మాత్రం కాదు. వద్దన్నది తనే, సిగ్గుపడిందీ తనే. ఆ రెండింటి మధ్యే ఆ వయసు మనిషి ఉంటుంది. పాత్రను మంచిదిగా చూపించాలన్న ఆత్రంలో మన రచయితలు రెండో సగం వదిలేస్తుంటారు, అక్కడే పాత్ర చచ్చిపోతుంది.

బట్ట వేసుకున్నవారి కంటే దాన్ని ఇచ్చినవారి గురించి ఎక్కువ చెప్పే సందర్భాలుంటాయి. దీనికి నాకు తెలిసిన అత్యుత్తమ ఉదాహరణ కెనడా రచయిత్రి ఎల్. ఎం. మాంట్‌గొమరీ రాసిన 'ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్' (1908). ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో వ్యవసాయం చేసుకునే పెళ్లికాని అన్నాచెల్లెళ్లు మాథ్యూ, మరిల్లా. పొలం పనికి సాయంగా అనాథ బాలుణ్ణి పంపమంటే పొరపాటున ఆన్ అనే అమ్మాయి వస్తుంది. పొట్టిగా, బిగుతుగా, వికారంగా ఉన్న గౌనులో వస్తుంది. మరిల్లా ఆ పిల్లకు మూడు గౌన్లు కుడుతుంది, మూడూ గట్టివి, శుభ్రమైనవి, ఏ సోకూ లేనివి. ఆన్‌కు కావలసింది అప్పటి ఫ్యాషనైన బుట్టచేతులు. మరిల్లా దృష్టిలో అది గుడ్డ దండగ, పిల్లకు పొగరు నేర్పడం.

మరిల్లా చెడ్డది కాదు, ఆమె ప్రేమ కుట్టు గట్టిదనంలో ఉంటుంది. మాథ్యూ మహా బిడియస్థుడు, ఆడవాళ్లతో మాట్లాడాలంటే వణికిపోతాడు. ఒక సాయంత్రం ఆన్ స్నేహితురాళ్లు ఇంటికి వచ్చినప్పుడు ఈ పిల్ల వాళ్లలా లేదేమిటని అతనికి తోస్తుంది. ఏమిటా తేడా అని చాలాసేపు పైపు కాలుస్తూ ఆలోచించి, చివరికి పట్టుకుంటాడు: బట్టలు. మిగతావారి చేతులు వేరు, ఈమె చేతులు వేరు. గౌను గుడ్డ కొందామని దుకాణానికి వెళితే అక్కడ అమ్మేది ఒక యువతి. నోట మాట రాక, అడగలేక, తోటపని దంతె ఒకటి, 20 పౌన్ల గోధుమ రంగు పంచదార కొనుక్కుని ఇంటికి వస్తాడు. ఆఖరికి పొరుగావిడను బతిమాలి కుట్టిస్తాడు. క్రిస్మస్ ఉదయం ఆ గౌను ఆన్ చేతికి వస్తుంది.

ఆ అధ్యాయంలో కుట్టింది ఆన్ గౌను, తెలిసింది మాథ్యూ. ఎప్పుడూ ఏదీ గమనించని మనిషి గమనించాడు, ఎవరినీ ఏదీ అడగని మనిషి అడిగాడు. ఇంతకంటే ప్రేమను ఏ సంభాషణతో చెబుతారు? మీ నవలలో నాన్న పాత్ర మౌనంగా ఉంటాడని రాశారు. మౌనంగా ఉంటాడని మీరు చెప్పకండి. అతను ఏ దుకాణం ముందు నిలబడి, లోపలికి వెళ్లలేక వెనక్కి వచ్చాడో చూపించండి.

ఇక మన ఇళ్లలోకి వద్దాం. బట్ట చుట్టూ మనకున్నంత వ్యవహారం చాలా సమాజాల్లో లేదు. అంత సంపద చేతిలో ఉంచుకుని రచయితలు జీన్స్ వేసుకుంటే తలబిరుసు, పరికిణీ కడితే సంస్కారం అనే అరిగిపోయిన లెక్క దగ్గరే ఆగిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఇవాళ్టి పాఠకురాలు పొద్దున జీన్స్‌లో కోచింగ్‌కు వెళ్లి, సాయంత్రం వ్రతానికి పట్టు పరికిణీ కట్టుకుంటుంది. రెండింటిలోనూ ఆమె ఒకటే మనిషి.

కొత్త బట్ట కట్టే ముందు మూలన పసుపు పెట్టే ఆచారం చూడండి. చాలా ఇళ్లలో ఆ పని అమ్మే చేస్తుంది. అమ్మ లేని ఇంట్లో పండగ పూట ఎవరు పెడతారు? అమ్మాయే తనకు, తమ్ముడికి కూడా పెట్టుకుంటుందా, మర్చిపోయి వేసుకుని సాయంత్రం గుర్తుకొచ్చి విలవిలలాడుతుందా, ఇదంతా మూఢనమ్మకమని కావాలనే మానేస్తుందా? మూడూ మూడు వేర్వేరు పిల్లలు. "తల్లిలేని పిల్ల" అనే మాట నవలలో ఎక్కడా రాయనవసరం లేదు.

యూనిఫాం ఉన్న బడిలో పుట్టినరోజు నాడు మాత్రం కలర్ డ్రెస్ వేసుకుని రావచ్చు, చాక్లెట్లు పంచాలి. ఆ రోజు యూనిఫాంలోనే వచ్చిన పిల్ల ఎవరు? పుట్టినరోజని ఎవరికీ చెప్పవద్దని ప్రాణస్నేహితురాలిని బతిమాలిందా? లేక నిరుటి గౌనే మళ్లీ వేసుకొచ్చి, కొత్తదేనని అబద్ధం చెప్పిందా? ఆ అబద్ధాన్ని కనిపెట్టి కూడా బయటపెట్టని మరో పిల్ల ఉంటే, వాళ్లిద్దరి స్నేహం మీద ఒక నవల నడుస్తుంది.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది జాకెట్టు ముక్కల సంచి. తాంబూలంలో వచ్చిన ముక్కలు అమ్మ ఒక సంచిలో దాస్తుంది. పేరంటానికి వచ్చినవారికి అందులోంచే తీసి పెడుతుంది. ఏది ఎవరు పెట్టారో ఆమెకు గుర్తుంటుంది, పెట్టినావిడకే తిరిగి వెళ్లకూడదు కదా. మంచి ముక్క ఏ వదినకు, పలుచటిది ఏ తోడికోడలికి అని అమ్మ ఎంచుతుంటే పక్కన కూర్చున్న పదహారేళ్ల పిల్ల చూస్తుంటుంది. కుటుంబ రాజకీయమంతా ఆ సంచిలో ఉంది. ఎవరు ఎప్పుడు అవమానించారో, ఎవరు ఆపదలో ఆదుకున్నారో ఒక్క ఫ్లాష్‌బ్యాక్ లేకుండా చెప్పవచ్చు. ఆ పిల్ల ఒక ముక్కను మెల్లగా మార్చి పెట్టిందనుకోండి, అమ్మ పక్కన పెట్టిన మంచిదాన్ని అమ్మకు నచ్చని అత్తకు ఇచ్చిందనుకోండి, ఆమె స్వభావం చేతల్లో తెలిసిపోతుంది.

బామ్మ చున్నీ గురించి దెబ్బలాడే సన్నివేశం మీ రాతప్రతిలో ఉంది. దాన్ని తీసేయవద్దు, కానీ బామ్మను న్యాయంగా చూడండి. ఇప్పుడున్న రూపంలో ఆవిడ పాతకాలపు మాటలు పలికే బొమ్మలా ఉంది. ఆవిడకు ఏ భయం ఉందో రాయండి. వీధిలో ఎవరి మాట ఆవిడ చెవిన పడింది? తన చిన్నతనంలో ఏం జరిగింది? అమ్మ ఆ తగవులో ఎందుకు కలగజేసుకోలేదు? నైటీలో ఉన్న అమ్మ, బయట తలుపు చప్పుడు కాగానే భుజాల మీద తువ్వాలు కప్పుకుని తలుపు తీయడానికి వెళ్లడం అమ్మాయి గమనిస్తే, చున్నీ తగవు ఒక్కసారిగా మూడు తరాల విషయమవుతుంది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు.

ఇతర దేశాల టీనేజ్ నవలల్లో తల్లిదండ్రులను కథలోంచి తప్పించడం తరచుగా కనబడుతుంది, పిల్లలకు స్వేచ్ఛ దొరకాలి కాబట్టి. ఎస్. ఇ. హింటన్ హైస్కూల్లో ఉండగా రాసిన 'ది అవుట్‌సైడర్స్' (1967)లో అమ్మానాన్నలు కారు ప్రమాదంలో పోయారు, ముగ్గురు అన్నదమ్ములే ఒక ఇల్లు. అయినా ఆ ఇల్లు ఎంత నిండుగా ఉంటుందో గమనించండి. వాళ్లు తిరిగే పేద కుర్రాళ్ల ముఠాలో ఎవరికి నిలువ నీడ అవసరమైనా రావచ్చని ముందు తలుపుకు తాళం వేయరు. పొద్దున్నే చాక్లెట్ కేకు తింటారు. ఇరవై ఏళ్ల పెద్దన్న తండ్రిగా మారక తప్పలేదు. నూనె పెట్టి పెంచుకున్న జుట్టే ఆ పేద కుర్రాళ్ల గర్వం. పోలీసులకు దొరకకుండా దాక్కున్నప్పుడు ముగ్గురిలో చిన్నవాడు, పద్నాలుగేళ్ల పోనీబాయ్ జుట్టును స్నేహితుడు కత్తిరిస్తాడు. అది వేషం మార్చుకోవడం మాత్రమే కాదు, వాడికి ఉన్న ఒకే ఒక్క గొప్ప పోయింది. మగపిల్లల అలంకారం గురించి మన రచయితలు దాదాపు రాయరు. కాలర్ నలగకూడదని బస్సులో సీటుకు ఆనకుండా కూర్చునే కుర్రాడు, నాన్న చొక్కా భుజాల దగ్గర తనకు సరిపోయిందని గ్రహించి చప్పున విప్పేసిన కుర్రాడు, వీళ్లు మన కథల్లోకి ఇంకా రావలసే ఉంది.

మన పిల్లలను ఇంటినుంచి విడదీసేది ఎక్కువగా హాస్టలు. రెసిడెన్షియల్ కాలేజీ నేపథ్యం మీ రెండో భాగంలో వస్తుందన్నారు కాబట్టి ఒక మాట. అక్కడ కుటుంబం ఆదివారం ములాకాత్‌గా, టిఫిన్ డబ్బాగా, ఉతికి మడతపెట్టి తెచ్చిన బట్టల సంచిగా మారుతుంది. అమ్మ తెచ్చిన చొక్కాకు ఇంటి పెట్టెలోని కలరా ఉండల వాసన ఉండవచ్చు. ఆ చొక్కా ఏ రోజు కోసం దాచుకుంటాడో, ఎవరికి అరువిస్తాడో రాయండి. "ఇల్లు గుర్తొచ్చింది" అనే వాక్యం అక్కర్లేకుండా పోతుంది.

చిన్న వివరం ఎంత బరువు మోయగలదో చెప్పడానికి సుజాన్ కాలిన్స్ 'ది హంగర్ గేమ్స్' (2008) తప్పకుండా చూడాలి. చావు ఆటకు పిల్లలను లాటరీ తీసే రోజు. పన్నెండేళ్ల ప్రిమ్ మొదటిసారి ఆ వరుసలో నిలబడాలి. అక్క కాట్నిస్ తన మొదటి లాటరీ నాడు వేసుకున్న లంగా, జాకెట్టే ఆ పిల్లకు వేశారు. కొంచెం పెద్దవి కావడంతో అమ్మ పిన్నులు పెట్టింది. అయినా వెనుక జాకెట్టు అంచు బయటికి వస్తుంటుంది. బాతు తోకలా ఉందని అక్క ఆటపట్టిస్తూ సరిచేస్తుంది. కాట్నిస్ కోసం అమ్మ తన పాత నీలం గౌను తీసి పెట్టింది. తండ్రి పోయాక కుంగిపోయి పిల్లలను పట్టించుకోని ఆ తల్లిని కాట్నిస్ ఇంకా క్షమించలేదు. అయినా ఆమె ఇచ్చే సాయాన్ని తోసిపుచ్చకుండా ఉండటానికి ప్రయత్నిస్తోంది, గౌను వేసుకుంటుంది. కొన్ని పేజీల తర్వాత లాటరీలో ప్రిమ్ పేరు వస్తుంది. దిమ్మెరపోయి నిలబడిన కాట్నిస్‌ను కదిలించేది, వేదిక వైపు నడుస్తున్న చెల్లెలి వీపున మళ్లీ బయటికి వచ్చిన ఆ జాకెట్టు అంచు. పరుగెత్తి వెళ్లి, చెల్లి బదులు తాను వస్తానంటుంది.

ఈ వివరం రెండుసార్లు వచ్చింది. మొదటిసారి ఆట, రెండోసారి ప్రాణం. మొదటిసారి రాకపోతే రెండోసారి పని చేయదు. మీరు మొదటి అధ్యాయంలో పన్నెండు వస్తువులు వర్ణించారు, వాటిలో ఒక్కటీ తిరిగి రాలేదు. రెండు ఉంచండి, పది తీసేయండి.

బ్రాండ్ల పేర్లు వాడవచ్చా అని కూడా అడిగారు. వాడవచ్చు, కానీ పేరు తొందరగా పాతబడుతుంది, ధర పాతబడదు. ఆ బూట్లు నాన్న ఎన్ని రోజుల కూలి అన్నది మీ అబ్బాయి పాత్ర లెక్క వేసుకుంటే, ఇరవై ఏళ్ల తర్వాత చదివినవారికీ తగులుతుంది.

చివరిగా మీ మూడో అధ్యాయం. నాన్న ఆఫీసుకు వేసుకెళ్లే చొక్కా కాలర్ అరిగితే అమ్మ దాన్ని విప్పి తిరగేసి కుట్టిందని ఒక వాక్యం రాసి వదిలేశారు. రాతప్రతి మొత్తంలో అన్నిటికంటే విలువైన వాక్యం అదే. దాన్ని మొదటి అధ్యాయానికి తీసుకురండి. ఆ కాలర్ సంగతి ఇంట్లో ముందుగా తెలిసేది అమ్మాయికా, తమ్ముడికా నిర్ణయించుకోండి. తర్వాత పెళ్లిపందిరిలో, పెద్దనాన్న అందరిముందూ నాన్న భుజం మీద చెయ్యేసి దగ్గరకు లాక్కున్నప్పుడు, ఆ అమ్మాయి కళ్లు ఎక్కడ ఉంటాయో రాసి చూడండి. అద్దం సన్నివేశం అవసరం ఉందో లేదో అప్పుడు మీకే తెలుస్తుంది.